దామోదరం కోపం

నగరిలో కరెంటు మగ్గాల షెడ్డు వాళ్లు మాట్లాడుకుంటుంటే కొత్తవాళ్లకు తగాదా పడుతున్నట్టే ఉంటుంది. టీ తాగుదామా అని అడిగినా కొట్టడానికి వచ్చినట్టు అడుగుతారు. ఏం చేస్తారు పాపం! వరసగా మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆడుతుంటే, పక్కమనిషి చెవిలో నోరుపెట్టి అరిచినా సగం మాటే చేరుతుంది. అందుకే అక్కడ చాలా పనులు సైగలతోనే నడుస్తాయి. బొటనవేలు పెదవికి ఆనిస్తే టీ. గాలిలో వేలు గిరగిరా తిప్పితే నూలు కండెలు అయిపోయాయని. మీసం దువ్వినట్టు చేస్తే యజమాని వస్తున్నాడని, అందరూ బుద్ధిగా ఉండమని.

ఆ షెడ్డులో చివరి మూల, గోడవైపు ఉన్న మగ్గాలు దామోదరానివి. యాభై దాటిన మనిషి, నిదానస్తుడు. ఎవరింట్లో పేచీ వచ్చినా "దామోదరన్నను పిలవండప్పా" అంటారు. ఆయన పోయి ఇద్దరి తప్పూ ఇద్దరికీ చెప్పి, చివర్లో ఒక ఎకసెక్కం ఆడి అందరినీ నవ్వించి వస్తాడు. కొన్ని నెలలుగా ఆయనకు ఒక కొత్త అలవాటుండేది. మగ్గం ముందు నిలబడి, గోడవైపు తిరిగి, పొద్దస్తమానం ఏదో అనుకుంటూ ఉండేవాడు. పెదవులు ఆడుతూనే ఉండేవి. ఏమంటున్నాడో ఆ మోతలో ఎవరికి వినబడుతుంది? గోవిందనామాలు కాబోలు అనుకున్నారు. కొండ కింద బతికేవాళ్లకు అంతకంటే ఇంకేం తోస్తుంది! పక్క మగ్గం ఢిల్లీబాబైతే వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేనప్పుడు దగ్గరికొచ్చి, "అన్నా, నీ నామాల్లో మాయమ్మ పేరు గూడా ఒగసారి అనుకోన్నా" అని చెవిలో అరిచి మరీ అడిగాడు. దామోదరం తలూపాడు. తలూపక ఏం చేస్తాడు?

నామాలా, పాడా! ఆయన అక్కడ నిలబడి తన భయాలు చెప్పుకునేవాడు. గుండె ఆగిపోతుందేమో అని, ఊపిరందదేమో అని, నలుగురిలో కిందపడిపోతానేమో అని. గట్టిగా, నోరారా, ఒక్కోసారి ఏడుస్తూ. ఇంట్లో అనలేడు, వీధిలో అనలేడు. మగ్గాల మోతలో అయితే తన గొంతు తనకే సరిగ్గా వినబడదు కాబట్టి ఎంతైనా అనొచ్చు. అలా అన్నాక కాసేపు ఛాతీ తేలికపడేది. అన్ని మాటల్లోకీ ఎక్కువగా వచ్చే పేరు ఒకటుంది. పూజిత.

పూజిత ఆయన ఒక్కగానొక్క కూతురు. తిరుపతిలో చదువుకుంటూ అక్కడి కిరాణా వ్యాపారస్తుల అబ్బాయి పునీత్‌ను ఇష్టపడింది. కులం వేరు. దామోదరం కొన్నాళ్లు ముఖం ముడుచుకుని తిరిగిన మాట నిజమే. ఆ తర్వాత తనే దగ్గరుండి పెళ్లి చేశాడు, తాంబూలాల దగ్గర వియ్యంకుడి భుజం మీద చెయ్యి వేసి ఫొటో కూడా దిగాడు. కానీ ఊరు ఫొటోను మరిచిపోతుంది, ముడుచుకున్న ముఖాన్ని మాత్రం జ్ఞాపకం పెట్టుకుంటుంది.

కూతురికి ఏడో నెల వచ్చింది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. ఆ ఇంటి ఆనవాయితీ ఏమంటే, తండ్రే సారె పట్టుకుని అత్తవారింటికి పోయి కూతుర్ని పిలుచుకుని రావాలి. తల్లి ఇంటి దగ్గరే ఉండి ఎర్రనీళ్లు దిగదీసి లోపలికి తీసుకోవాలి. తండ్రి రాకుండా కూతురు తనంతట తాను వస్తే, పిలవని పేరంటానికి వచ్చినట్టు. మంచిరోజు చూసి దామోదరం బయల్దేరాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. భార్య శకుంతల పెద్ద సంచిలో చీర, గాజులు, పండ్లు, చలిమిడి అన్నీ సర్ది ఇచ్చింది. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పుత్తూరు దాటేదాకా మనిషి కులాసాగానే ఉన్నాడు.

వడమాలపేట టోల్‌గేటు దగ్గర బస్సు ఆగింది. ముందు లారీలు, వెనక లారీలు, బస్సు నిండా జనం. ఎందుకో తెలీదు, ఉన్నట్టుండి ఆయన గుండె దడదడా కొట్టుకోవడం మొదలైంది. అరచేతుల్లో చెమట. గొంతు ఎవరో నొక్కుతున్నట్టు. అయిపోయింది, ఇక్కడే పోతున్నాను, కూతురింటికి నా శవం పోతుంది అనుకున్నాడు. మనుషుల్ని తోసుకుంటూ దిగేశాడు. రోడ్డు పక్కన టెంకాయబోండాలమ్మేవాడి పట్ట కింద కూలబడ్డాడు. బస్సు కదిలిపోయింది. కాసేపటికి గుండె దానంతటదే నెమ్మదించింది. ఇంకో బస్సు వచ్చింది, ఎక్కలేకపోయాడు. ఇంకొకటి వచ్చింది, కాలు పైకి లేవలేదు. చివరికి ఆటోలు మారుతూ, మధ్యమధ్యలో దిగుతూ, నగరికే తిరిగొచ్చాడు.

వాకిట్లో శకుంతల ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. ఇరుగమ్మా పొరుగమ్మా కూడా వచ్చి ఉన్నారు.

"బిడ్డ యాడ?" అంది.

అప్పుడే ఆయన ఆ మాట అన్నాడు. ఎందుకన్నాడో నాకైతే అర్థమవుతుంది, మీకూ అవుతుంది. బస్సులో కూర్చోవడానికి భయమేసి దిగి వచ్చేశానని అంతమంది ఆడవాళ్ల ముందు ఏ మొగవాడు చెబుతాడు? "నేను పోలా. నాకు మనసొప్పలా. బస్టాండులోనే తిరుక్కోని వచ్చేసినా. సారె యెవురికో ఇచ్చేసినా" అనేశాడు. కోపమొస్తే మనిషికి ఒక మర్యాద ఉంటుంది. భయానికి ఏముంటుంది, నవ్వులపాలు తప్ప!

పళ్లెంలో నీళ్లు శకుంతల వాకిట్లోనే పారబోసింది. ఆ తర్వాత ఆమె ఒక్కతే తిరుపతికి పోయి వస్తూ ఉండేది. పూజిత రాలేదు. "నాయన పిలవకుండా నేనెట్లా వస్తానమ్మా" అంది. కాన్పు తిరుపతిలోనే అయింది. మొగబిడ్డ. ఫోనులో ఫొటో వస్తే దామోదరం ఒకసారి చూసి పట్టనట్టు పక్కన పెట్టాడు. శకుంతల స్నానానికి పోయినప్పుడల్లా మళ్లీ తీసి చూసేవాడు. ఆ మనవడిని వేలితో పెద్దది చేసి చూసి, చిన్నది చేసి చూసి, ఆమె వచ్చే అలికిడైతే ఫోను బోర్లించేవాడు.

ఒకసారి ధైర్యం చేసి నగరిలోనే ఒక డాక్టరమ్మకు చూపించుకున్నాడు, భార్యకు చెప్పకుండా. ఆమె ఈసీజీ తీసి, రక్తపరీక్ష చేయించి, "గుండె బాగుందండీ. ఇది ఆందోళన. చాలామందికి వస్తుంది, తగ్గుతుంది. ఇంట్లోవాళ్లకు చెప్పండి, వచ్చేవారం వాళ్లనూ తీసుకురండి" అంది. ఇంట్లోవాళ్లకు చెప్పమన్నదే చిక్కు. ఈయన మళ్లీ ఆ వీధి తొక్కితే ఒట్టు.

దాచుకున్న భయం ఊరుకుంటుందా? మొదట బస్సు ఒక్కటే. తర్వాత ఆటో. తర్వాత శనివారం సంత. ఒకరోజు మంగలి షాపులో మెడకు గుడ్డ కట్టగానే గుండె మళ్లీ మొదలుపెట్టింది. ఒక చెంప గీసుకుని, రెండో చెంప నురగతోనే "అర్జెంటు పనప్పా" అంటూ లేచొచ్చేశాడు. ఆరోజు షెడ్డులో అందరూ ఒకటే నవ్వు. అందరికంటే ఎక్కువ తనే నవ్వాడు. తర్వాత గోడవైపు తిరిగి చాలాసేపు మగ్గానికి చెప్పుకున్నాడు.

ఇంతలో పూజిత దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆదివారం బిడ్డను ఉయ్యాల్లో వేస్తారు. శకుంతల ఉన్నదున్నట్టు చెప్పింది.

"'నాయన వస్తే నాయన చేతనే ఏపిస్తా. రాకుంటే మా మామ ఏస్తాడు. ఇంగ నేను అడగనమ్మా' అనింది నీ కూతురు. ఏడ్సలేదు. ఏడ్సకుండా అనింది, ఇనబడిందా?"

"సూస్తాంలే" అన్నాడు దామోదరం.

ఏడ్చి అడిగే కూతురు మళ్లీ అడుగుతుంది. ఏడవకుండా అన్న మాట ఆఖరి మాట. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. తెల్లారి షెడ్డుకు వచ్చి మగ్గాలు ఆడించి, గోడవైపు తిరిగి మొదలుపెట్టాడు. భార్య అదే షెడ్డులో, వాకిలి దగ్గర కండెలు చుడుతోంది. ఢిల్లీబాబు పక్క మగ్గంలో తెగిన పోగు అతుకుతున్నాడు. దామోదరం కళ్లు మూసుకుని అరుస్తున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

మగ్గాలు రెండుసార్లు టకటకమని ఆగిపోయాయి. కానీ మగ్గాలు ఆగినంత మాత్రాన మగ్గం మనిషి చెవిలో మోత ఆగదు. ఇంకా కాసేపు గుయ్యిమంటూనే ఉంటుంది. అందువల్ల దామోదరానికి తెలియలేదు. షెడ్డంతా నిశ్శబ్దమైపోయి, ఆయన గొంతొక్కటే ఖంగుమంది.

"నీ మీద నాకేం కోపం తల్లీ! బస్సెక్కితే సచ్చిపోతానని బయం నాకు! నిన్ను పిలుసుకోని రావాలనే బయల్దేరినాను పూజితా, వడమాలపేట దాటల్యాకపోయినాను! బయపడి దిగేసినాను తల్లీ!"

కళ్లు తెరిచేసరికి మగ్గం కదలడం లేదు. వెనక్కి తిరిగితే అందరూ ఆయన్నే చూస్తున్నారు.

"అన్నా... అయితే అవి నామాలు కాదా?" అన్నాడు ఢిల్లీబాబు, చేతిలో పోగు చేతిలోనే ఉండగా.

వెనక ఎవరో కిసుక్కున నవ్వబోతే ఢిల్లీబాబే వాడి వైపు కళ్లురిమి చూశాడు. దామోదరం తల దించుకున్నాడు. ఇన్నాళ్లూ కాపాడుకున్న పరువు అలా నిలువునా పోయింది. భూమి నోరు తెరిస్తే బాగుండుననిపించింది ఆయనకు. అది తెరవలేదు. శకుంతల మాత్రం మగ్గాల మధ్య సందులోంచి నడుచుకుంటూ వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఆ పొద్దు బయల్దేరినావా నువ్వు?"

"ఊఁ."

"వడమాలపేట దాకా పోయినావా?"

"టోల్‌గేటు దాకా."

"మరి సారె యెవురికో ఇచ్చేసినానంటివే?"

"సంచి బస్సులో మర్సిపోయినా. అది తిరపతికి పొయ్యింది."

శకుంతల నుదురు కొట్టుకుంది. "సారెకుండే దైర్యం గూడా నీకు ల్యాకపాయెనే!" అంది. నవ్వింది. నవ్వుతూనే ఏడుపులోకి పోయింది. కొంగు నోటికి అడ్డంపెట్టుకుని ఏడ్చింది.

షెడ్డులోవాళ్లు మంచివాళ్లు. బొటనవేలు పెదవికి ఆనించి చూపించుకుంటూ, టీ కోసమన్నట్టు ఒక్కొక్కరే బయటికి పోయారు. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కూడా సైగే చేశారు, అలవాటు.

"నా బిడ్డ నిండు కడుపుతో వాకిట్లో కూసోని నీకోసం సూసిందయ్యా" అంది శకుంతల. "తనంటే మా నాయనకు అసయ్యమనుకునింది. బయమని ఒక్క మాట సెప్పుంటే నేను వచ్చుండనా నీతో? ఎర్రనీళ్లు పక్కింటామె ఎత్తుకోనుండదా?"

"సెప్పేదానికి సిగ్గు."

"నాకు సెప్పేదానికా? ఇన్నేండ్లు నీతో కాపరం జేసినదానికి సిగ్గు, మగ్గానికి సెప్పేదానికి ల్యాదా?"

"మగ్గం తిరిగి అడగదు గదా."

"నేను అడగతా. సెప్పు. ఎట్లుంటాది నీకు?"

ఆయన చెప్పాడు. చెమట సంగతి, గొంతు సంగతి, మంగలి షాపు సంగతి, డాక్టరమ్మ సంగతి. ఆమె మధ్యలో ఒకసారి "డాక్టరమ్మ కాడికి నన్ను పిలుసుకోని రమ్మనిందా? మంగళవారం పోదాం" అని మాత్రం అంది. కరెంటు వచ్చేసరికి ఇద్దరూ నేలమీద కూర్చుని ఉన్నారు.

"పూజితకు నువ్వే ఫోన్ జెయ్" అన్నాడు దామోదరం. "అదంతా నువ్వే సెప్పు."

"నేను సెప్పను. నేను సెప్తే నీ తరపున నేను అబద్ధమాడతా ఉండానంటాది. తప్పు జేసిన నోరే సెప్పాల."

శుక్రవారం ఆమే ఆయన్ని పుత్తూరు దాకా బస్సులో తీసుకుపోయి, అక్కడ టీ తాగించి, తిరిగి తీసుకొచ్చింది. ఆయన వేళ్లు ఆమె మణికట్టు మీద ఎర్రగా అచ్చుపడ్డాయి.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కారు. ఈసారి కొత్త చొక్కా లేదు, రోజూ వేసుకునేదే. పుత్తూరు దాటింది. వడమాలపేట దగ్గరపడేకొద్దీ ఆయన చేతులు చల్లబడ్డాయి. టోల్‌గేటు దగ్గర బస్సు నెమ్మదించింది, ఆగింది. గుండె మొదలుపెట్టింది. లేవబోయాడు.

"దిగొద్దు. నోరు తెర్సి సెప్పు" అంది శకుంతల.

"ఈడనా? అందురూ ఇంటారు."

"ఇననీ. వీళ్లేమన్నా మన సుట్టాలా?"

దామోదరం చెప్పాడు. పాపం మెల్లగా చెబుదామనే అనుకున్నాడు, కానీ జన్మంతా షెడ్డులో అరిచిన గొంతు, దానికి మెల్లగా అనేది తెలియదు. "నాకు బయంగా ఉండాది!" అనే మాట బస్సు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా మోగింది. ముందు సీట్లలో తలలన్నీ తిరిగాయి. ఎవరి ఒళ్లోనో నిద్రపోతున్న పసిపాప ఉలిక్కిపడి లేచింది.

"ఉండాదిలే. ఉండనీ" అంది శకుంతల.

కండక్టరు దగ్గరికొచ్చాడు. "ఏం పెద్దాయనా, ఒంట్లో బాగల్యాదా? బండి పక్కకి ఆపమంటావా?"

ఆపమంటే ఆపుతారన్న మాట. ఆ సంగతి దామోదరానికి అంతకుముందు తోచలేదు. బస్సంటే తలుపు వేసిన పెట్టె అనుకున్నాడు ఇన్నాళ్లూ, అడిగితే ఆగుతుందని ఎప్పుడూ అనుకోలేదు. చెమట తుడుచుకున్నాడు. ఊపిరి తీశాడు, వదిలాడు. గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంది, కానీ కొట్టుకోనీ అనిపించింది.

"వద్దప్పా. ముందుకే పోనీ" అన్నాడు.

భయం పోయిందని నేను చెప్పను. తిరుపతి చేరేదాకా ఆయన పక్క సీటులోనే అది కూర్చుని వచ్చింది. ఆయన మాత్రం దిగలేదు.

పూజిత ఇంటి ముందు మామిడాకులు కట్టి ఉన్నాయి. లోపల నలుగురు చుట్టాలు చేరారు. ఉయ్యాలకు పూలు చుట్టేశారు. పునీత్ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి "రండి మామయ్యా" అని కాళ్లకు నీళ్లిచ్చాడు. వియ్యంకుడు లేచి నిలబడ్డాడు. పూజిత లోపలి గదిలో మంచం మీద, బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. తండ్రిని చూసింది. చూసి, బిడ్డ మీద దుప్పటి సర్దుకుంది. చిక్కిపోయింది పిల్ల. కళ్ల కింద నల్లగా ఉంది.

శకుంతల ఆయన్ని గదిలోకి పంపి, తను గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

దామోదరం మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. ఇక్కడ మోత లేదు, ఫ్యాను చప్పుడు తప్ప. ఏ మాటైనా వినబడుతుంది. బస్సెక్కడం కంటే ఇదే కష్టమనిపించింది ఆయనకు.

"కోపం కాదు తల్లీ" అన్నాడు.

పూజిత తలెత్తలేదు.

"నిన్ను పిలుసుకోని రావాలని బయల్దేరినాను. వడమాలపేట కాడ నాకు బయమెత్తుకునింది. ఊపిరాడలా. సచ్చిపోతాననుకున్నా. దిగేసి ఇంటికి పొయినా. మీయమ్మ కాడ కోపమని అబద్ధం సెప్పినా. బయమని సెప్పేదానికి నాకు సిగ్గయ్యింది. ఈ పొద్దు గూడా బయపడతానే వచ్చినాను. నువ్వు తిట్టు. తిట్టినా పరవాల్యా. నీ మీద నాకు కోపమని మాత్రం అనుకోబాకమ్మా."

పూజిత బిడ్డ ఛాతీ మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి పైకీ కిందికీ కదలడం చూస్తూ కూర్చుంది. తిడుతుందనుకున్నాడు, ఏడుస్తుందనుకున్నాడు. ఆ రెండూ చేయలేదు ఆ పిల్ల.

"ఊపిరాడకుండా... ఈడ గొంతు కాడ పట్టుకుంటాదా నాయనా?" అంది.

దామోదరం ఆమె ముఖంలోకి చూశాడు.

"చేతులు సల్లబడతాయా?"

"నీకెట్లా తెలుసు?"

పూజిత గొంతు బాగా తగ్గించింది. "వీడు నిద్రపోతే ఊపిరి తీస్తా ఉండాడో ల్యాదో అని రాత్రంతా చెయ్యి పెట్టి సూస్తా ఉంటా నాయనా. కన్ను మూస్తే నాకు అట్లే వస్తాది. సచ్చిపోతాననిపిస్తాది. ఎవురికీ సెప్పలా. బిడ్డను కన్నదానికి బయమేందని నవ్వుతారని..."

వాకిట్లో ఎవరో "ముహూర్తం దగ్గరపడింది, బిడ్డను తీసుకురండమ్మా" అని కేకేశారు. శకుంతల గుమ్మానికి అడ్డంగా నిలబడి "ఉండండమ్మా, తొందరేముంది" అంటోంది.

దామోదరం లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. ఈసారి నేల మీద కాదు, మంచం మీద కూతురి పక్కనే కూర్చున్నాడు. మనవడిని జాగ్రత్తగా తన ఒళ్లోకి తీసుకుని, ఆమె చెయ్యి ఉన్న చోట తన చెయ్యి పెట్టాడు.

"వీణ్ణి నేను సూసుకుంటా ఉండా. నువ్వు సెప్పు. ఎప్పట్నించి ఉండాది తల్లీ నీకు?" అన్నాడు.

పూజిత చెప్పడం మొదలుపెట్టింది.